మాస్టరు దగ్గు

ఆ వానాకాలం అంతా మా ఇంటి కిటికీలు మూసే ఉన్నాయి. తీస్తే జల్లు కొట్టి మైదా తడుస్తుంది. మూస్తే మైదా ఎక్కడికీ పోదు, గాలిలోనే తిరుగుతుంటుంది. తడిసిన మైదా ఎందుకూ పనికిరాదు కాబట్టి మూసే ఉంచాం.

మాది బేకరీ. కింద ముందుగది కొట్టు, దాని వెనక బట్టీ గది. మేడ మీద రెండు గదుల్లో నేను, మా అమ్మాయి, అల్లుడు ఉండేవాళ్ళం. మేడ మెట్లు బట్టీ గదిలోంచే ఉన్నాయి. పడుకోవడానికి పైకి వెళ్ళాలన్నా, వీధిలోకి వెళ్ళాలన్నా మైదాలోంచే నడవాలి. నా చీర మడతల్లో, దువ్వెన పళ్ళ మధ్య, నీళ్ళ జగ్గు మూత మీద పల్చటి తెల్లపొర ఉండేది. తుడిస్తే పోయేది. అటు తిరిగి ఇటు చూసేలోపు మళ్ళీ ఉండేది.

బోర్డు మీద అల్లుడి పేరు, గల్లా దగ్గర అల్లుడు. కానీ బ్రెడ్డు మా అమ్మాయిది. వాళ్ళ నాన్న దగ్గర పని నేర్చుకుంది. ఆయన పోయాక, పిండి కలిపే తొట్టి ముందు ఆయన నిలబడిన చోటే నిలబడింది. ఆయన దగ్గు మాత్రం ఆయన ఉండగానే దానికి వచ్చింది. బేకరీల్లో పిండి కలిపి బ్రెడ్డు చేసే పెద్ద పనివాణ్ణి మాస్టరు అంటారు, ఆ దగ్గుని మాస్టరు దగ్గు అంటారు. కొత్తగా చేరినవాడు మొదటిసారి అలా దగ్గితే, ఇక నువ్వు మాస్టరువి అయిపోయావురా అని చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వుతారు. మా అమ్మాయి దగ్గిన రోజు వాళ్ళ నాన్న మైదా చేత్తోనే దాని భుజం తట్టాడు. ఆ చేతి అచ్చు సాయంత్రం దాకా దాని జాకెట్టు మీద ఉంది. దులుపుకోలేదు.

ఆ ఏడాది దగ్గు ఆయాసంలోకి దిగింది. లేవగానే వరసపెట్టి తుమ్ములు. కళ్ళు ఉబ్బిపోయి ఎర్రగా. మోచేతుల దాకా దద్దుర్లు. మెట్లెక్కుతూ మధ్యలో కూర్చునేది. నేను పైనుంచి చూస్తే, ఏదో మర్చిపోయి గుర్తు తెచ్చుకుంటున్నదానిలా మొహం పెట్టేది.

డాక్టర్లకి కొదవ లేదు. చర్మం డాక్టరు పూతమందు ఇచ్చాడు. ముక్కు డాక్టరు ముక్కులో దూలం వంకరగా ఉందని, తుమ్ములకి మాత్రలు రాశాడు. ఊపిరితిత్తుల డాక్టరు పీల్చే మందు ఇచ్చాడు. మందు పీలిస్తే గంటో రెండు గంటలో బాగుండేది. బాగుండగానే కిందికి దిగి పిండి కలిపేది. అందరూ ఒకటే ప్రశ్న అడిగేవారు, "ఆవిడ ఏం చేస్తారు?" అని. అది పక్కనే కూర్చున్నా అల్లుడే చెప్పేవాడు.

"ఇంట్లోనే ఉంటుందండీ."

వాళ్ళు గృహిణి అని రాసుకునేవారు. అది అబద్ధం కాదు. బట్టీ ఇంట్లోనే ఉంది మరి. మా ముగ్గురిలో ఒక్కరికీ అందులో తేడా ఏమీ కనిపించలేదు.

నేను బడికి వెళ్ళినదాన్ని కాదు. బన్నులు చుట్టి ఇవ్వడానికి తెచ్చే పాత పేపర్ల మీద అక్షరాలు కూడబలుక్కుంటూ చదవడం నేర్చుకున్నాను. అలా ఒక రోజు, సగం చిరిగిన పేజీలో ఎవరో ఒకామె తన జబ్బు గురించి అడిగిన ప్రశ్న చూశాను. తుమ్ములు, దద్దుర్లు, ఆయాసం, అచ్చం మా అమ్మాయి సంగతే. కింద జవాబులో, ముందు అలర్జీ డాక్టరుకి చూపించుకోండి అని ఉంది. ఆ తర్వాతి ముక్క చిరిగిపోయింది. అది ఏ బన్నుతో వెళ్ళిపోయిందో.

భోజనాల దగ్గర ఆ మాట చెప్పాను.

"అలర్జీకి కూడా డాక్టరుంటాడా అత్తయ్యా?" అన్నాడు అల్లుడు. "నాకు లెక్కలంటే అలర్జీ. నన్ను కూడా తీసుకెళ్ళండి."

"నిన్ను తీసుకెళ్తే ఆయన నాకు పని చెప్తాడు, నీ లెక్కలు చూడమని," అంది అమ్మాయి. నవ్వబోయింది, నవ్వు దగ్గయింది. ఆ దగ్గు ఆగేవరకూ మేమిద్దరం కంచాలు చూస్తూ కూర్చున్నాం.

మా దగ్గర రోజూ బన్నులు తీసుకునే మందుల షాపావిడని అడిగాను. "ఉన్నాడమ్మా, పెద్దాసుపత్రికి వారానికోసారి వస్తాడు. పొద్దున్నే వెళ్ళి టోకెను తీసుకోవాలి. కొత్త విభాగం కదా, ఎక్కడుందో అక్కడివాళ్ళకే తెలీదు, వెతుక్కోండి," అంది.

నిజంగానే వెతుక్కున్నాం. గుమాస్తా చర్మం వైపు పంపాడు, చర్మంవాళ్ళు ఊపిరితిత్తుల వైపు పంపారు, వాళ్ళు మళ్ళీ గుమాస్తా దగ్గరికి పంపారు. అమ్మాయి ప్రతి మలుపులోనూ గోడకి ఆనుకుని ఆగేది. చివరికి ఎక్స్‌రే గది వెనక సందులాంటి వరండాలో ఒక తలుపు. దాని మీద అలర్జీ, ఇమ్యునాలజీ అని రాసి ఉంది. రెండో మాట నేను రెండుసార్లు చదువుకున్నాను. 

డాక్టరు చిన్నవాడు, గొంతు కూడా చిన్నదే. పాత చీటీలన్నీ చూశాడు.

"గృహిణి అని రాశారు. అంటే పొద్దున లేచిన దగ్గర్నించి ఏం చేస్తారో చెప్పండి. మీరు కాదండీ, ఆవిడ చెప్పాలి."

అల్లుడు తెరిచిన నోరు మూశాడు.

"లేచి మైదా జల్లిస్తాను," అంది అమ్మాయి. "తర్వాత పిండి కలుపుతాను. పొంగేలోపు బట్టీ రాజేస్తాను. బ్రెడ్డు దించాక రెండో వాయికి మళ్ళీ జల్లిస్తాను. మధ్యాహ్నం బన్నులు."

డాక్టరు కలం కింద పెట్టాడు. "ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదా?"

"ఎవరూ అడగలేదు."

ఇంకా చాలా అడిగాడు. ఎక్కడ పడుకుంటారు, మెట్లు ఎటువైపు, ఊరెళ్ళినప్పుడు ఎలా ఉంటుంది. "ఊరెళ్ళింది ఎప్పుడు," అన్నాడు అల్లుడు మెల్లిగా. పరీక్ష చేసి గాని ఏదీ తేల్చనన్నాడు డాక్టరు. ముంజేతి మీద చుక్కలు వేసి సూదితో గీరే పరీక్ష. అయితే దానికి ముందు వారం రోజులు అలర్జీ మాత్రలు ముట్టకూడదు, జలుబు మాత్రలు కూడా. పీల్చే మందు మాత్రం మానొద్దు. మాత్ర ఒంట్లో ఉంటే చెయ్యి ఏమీ చెప్పదు, దాన్ని మాట్లాడనివ్వాలి అన్నాడు.

"దేనివల్లో తెలిశాక ఏం చేస్తారు?" అని అడిగింది అమ్మాయి.

"దానికి దూరంగా ఉండమంటాను."

బస్సులో దారంతా అది కిటికీ అద్దం మీద తన ఊపిరి ఆవిరి తుడుస్తూ కూర్చుంది.

మాత్రలు మానేసిన మొదటి రోజులు తలుచుకోవడానికే నాకు భయం. కళ్ళు మూతలు పడిపోయి తడుముకుంటూ మెట్లు దిగింది. చేతులు గోక్కుని గోక్కుని రక్కులు పడ్డాయి. నేను అల్లుడి వెంటపడ్డాను, "ఒక్కటి వేద్దాం బాబూ, సగం ముక్కే" అని. "అత్తయ్యా, మీరు కాస్త గుండె రాయి చేసుకోండి," అనేవాడు. ఆయన కళ్ళలో కూడా నీళ్ళు తిరుగుతుండేవి. తర్వాత ఒక ఉదయం తుమ్ములు తగ్గాయి. మర్నాడు ఇంకా తగ్గాయి. వాన తెరిపిచ్చింది కదా, అందుకే అనుకున్నాను. జబ్బే పోతోందేమో అని కూడా అనుకున్నాను. మనసుకి కావలసింది నమ్మడం ఎంత తేలిక.

పరీక్ష రోజు అమ్మాయి చెయ్యి బల్ల మీద పెట్టింది. నర్సు కలంతో గుర్తులు పెట్టి, ఒక్కో గుర్తు దగ్గర మైదా, దుమ్ము అంటూ ఒక్కోదాని చుక్క వేసి, సూదితో గీరింది. ఆ చేతిని నేను తొట్టి మీద వంగి ఉండగా చూస్తాను గాని, అలా ఊరికే వెల్లకిలా పడి ఉండగా ఎప్పుడూ చూడలేదు. చాలా సన్నబడింది.

"ఈ చివరది ఉత్త ఉప్పునీళ్ళు. ఇది దద్దురులా లేవకూడదు," అన్నాడు డాక్టరు. "ఈ మొదటిది మాత్రం లేవాలి. ఎవరికైనా లేస్తుంది. నాకూ లేస్తుంది."

అందరం చెయ్యి చూస్తూ కూర్చున్నాం. ఏదీ లేవలేదు. కడిగి బోర్లించిన పళ్ళెంలా ఉంది. అమ్మయ్య, మైదా కాదు అని నా లోపల ఎవరో అన్నారు. డాక్టరు ఆ మొదటి చుక్క దగ్గరే వేలు పెట్టి ఉంచాడు.

"ఇది కూడా లేవలేదంటే ఒంట్లో మాత్ర ఉంది," అన్నాడు.

అల్లుడు నా వైపు తిరిగాడు. నేను అమ్మాయి వైపు చూశాను. అది తన కాలి బొటనవేలు చూసుకుంటోంది. చిన్నప్పుడు బన్ను మీద చక్కెర నాకేసి, నేను కాదు అని నిలబడినప్పుడు కూడా ఆ వేలే చూసుకునేది.

"నేనే," అన్నాను. "పాలల్లో కలిపిచ్చాను."

"ఎందుకమ్మా?" అన్నాడు డాక్టరు.

"చూడలేక."

ఆయన నన్ను కాసేపు చూసి, తర్వాత అమ్మాయిని చూశాడు. రెండు వారాలకి ఇంకో టోకెను రాసి, దాని చేతికే ఇచ్చాడు.

ఇంటికి వచ్చాక అల్లుడు ఇంట్లో ఉన్న మాత్రలన్నీ ఏరి గల్లా పెట్టెలో వేసి తాళం పెట్టాడు. "ఇవాళ్టి నుంచి పాలు నేను కాస్తాను అత్తయ్యా," అన్నాడు. ఆయన కోపం ఎప్పుడూ అంతే, మర్యాద పెరుగుతుంది. పాలు మాత్రం రోజూ మాడ్చేవాడు. ముగ్గురం అవే తాగాం.

నేను తొట్టి దగ్గరికి వెళ్ళాను. అమ్మాయి పిండి పిసుకుతోంది.

"ఎందుకలా చెప్పావమ్మా?"

"నువ్వు చెప్పలేదు కాబట్టి."

"ఆయన నీ మీద కోపంగా ఉన్నాడు."

"నా మీదైతే రెండు రోజులుంటుంది. మాత్రలు ఎక్కడ దొరికాయి నీకు?"

"మందుల షాపావిడ ఇచ్చింది. నువ్వు తెమ్మన్నావని చెప్పాను." పిండిని ఎత్తి తొట్టిలో కొట్టింది. గాలిలోకి తెల్లగా లేచింది. "నాకు తెలుసమ్మా ఆ డాక్టరు ఏం చెప్తాడో. ఆ గదిలోకి వెళ్ళకముందే తెలుసు. ఆ మాట ఆయనతో చెప్పించుకోవాలని లేదు. ఇది మానేసి నేనేం చెయ్యను? పైన కూర్చుని కింద ఎవరో పిండి కలుపుతుంటే వినాలా?"

"ఊపిరి అందకపోతే ఏం వింటావే."

"నాన్న విన్లేదా చివరిదాకా?"

నిజానికి ఆయన చివరి రోజుల్లో మంచం మీంచి వినేది అదే, కింద ఇది పిండి కొట్టే చప్పుడు. మధ్యమధ్య దగ్గుతూ, నీళ్ళు ఎక్కువయ్యాయి దానికి చెప్పు అనేవాడు. నేను మెట్లు దిగి వచ్చి చెప్పేదాన్ని.

తర్వాతి వారం మధ్యాహ్నం అమ్మాయి కొత్త బస్తా విప్పి జల్లెడ పడుతోంది. వాన కుండపోతగా ఉంది, షట్టరు సగం దించి ఉంది, దాని కింద నలుగురు కొనేవాళ్ళు తడవకుండా నిలబడి ఉన్నారు. జల్లెడ చప్పుడు ఆగింది. ఆగితే మామూలుగా దగ్గు వినిపించాలి. వినిపించలేదు. నేను తొంగి చూసేసరికి అది మెట్ల మీద కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి, నోరు తెరిచి ఉంది. పెదాలు పాలిపోయి నీలంగా ఉన్నాయి. పీల్చే మందు పక్కనే ఉంది. నొక్కుతోంది, లోపలికి పోవడం లేదు.

"బాబూ," అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. అల్లుడికి ఎలా వినిపించిందో.

ఆయన దాన్ని ఎత్తుకున్నాడు. కిటికీ తీద్దామని నేను పరిగెత్తాను. అన్నాళ్ళు మూసి ఉన్న చెక్క తేమకి ఉబ్బి బిగుసుకుపోయింది. రెండు చేతులతో గుంజినా రాలేదు. ఆయన సగం దించిన షట్టరు కిందినుంచి వంగి దాన్ని వానలోకి తీసుకుపోయాడు. కొనేవాళ్ళు పక్కకి తప్పుకున్నారు. నేను ఊడిరాని కిటికీ గడియ పట్టుకుని అక్కడే ఉండిపోయాను.

సాయంత్రం ఆసుపత్రి మంచం మీద ఇంజెక్షన్లు, ఆవిరి మందు అయ్యాక దానికి మాట వచ్చింది. అల్లుడు టీ తేవడానికి వెళ్ళాడు. అది పైకప్పు చూస్తూ అడిగింది.

"టోకెను ఏ రోజుకి అన్నాడమ్మా?"

చెప్పాను.

"నిన్ను ఇంకేమీ అనొద్దని నీ అల్లుడికి చెప్తాను. నిజం చెప్పేస్తాను."

"నీ ఇష్టం. పాలు కాచే పని మాత్రం నాకిప్పించు."

అల్లుడు వచ్చాక చెప్పింది. ఆయన మొదటి టీ గ్లాసు నాకు ఇచ్చాడు.

కాస్త కోలుకున్నాక రెండోసారి చెయ్యి చూపించాం. మొదటి చుక్క లేచింది. ఉప్పునీళ్ళది లేవలేదు. మైదా చుక్క మాత్రం ముందు చిన్న గుల్లలా మొదలై, మేం చూస్తుండగానే చొక్కా బొత్తాం అంత అయి, చుట్టూ ఎర్రగా పాకింది. దాన్ని చూస్తుంటే నాకు చిత్రంగా పొంగుతున్న పిండి గుర్తొచ్చింది.

"బ్రెడ్డు తినొచ్చు," అన్నాడు డాక్టరు. "మైదా పీల్చకూడదు. తినేదాన్ని మీ ఒళ్ళు ఏమీ అనడం లేదు, ఊపిరితో వెళ్ళేదాన్నే రానివ్వడం లేదు."

"ముక్కుకి గుడ్డ కట్టుకుంటే?" అన్నాడు అల్లుడు.

"కొన్నాళ్ళు నెట్టుకొస్తారు. ఊపిరితిత్తులు మాత్రం పాడవుతూనే ఉంటాయి. ఆ పని వద్దు. ఆ ఇంట్లో పడుకోవడం కూడా వద్దు. మెట్లు బట్టీ గదిలోంచి అన్నారుగా."

నాకు నోరు ఆగలేదు. "వాళ్ళ నాన్న కూడా ఇలాగే దగ్గి దగ్గి పోయాడు బాబూ. ఆయనకీ ఇదేనా?"

"ఆయన్ని నేను చూడలేదమ్మా. ఏం చేసేవారు?"

"మాస్టరు."

డాక్టరు నా చెయ్యి మీద చెయ్యి వేశాడు. అంతే.

బేకరీ మూసేద్దాం అన్నాడు అల్లుడు. మూస్తే ముగ్గురం ఏం తింటాం అంది అమ్మాయి. మాస్టర్ని పెట్టుకునేంత బేరం మాకు లేదు. చివరికి, గల్లా తప్ప ఏదీ ముట్టని ఆయన తొట్టి దగ్గరికి వెళ్ళాడు. గల్లా దగ్గరికి నేను వచ్చాను. అమ్మాయి వెనక వీధిలో కుట్టుమిషనామె మేడ మీద గదికి వెళ్ళింది. గుడ్డలు కత్తిరించడంలో ఆమెకి సాయం. సాయంత్రం అల్లుడు ఒళ్ళు రుద్దుకుని స్నానం చేసి, వేరే బట్టలు కట్టుకుని అక్కడికి వెళ్ళేవాడు. తెల్లారకముందే మొదటి వాయికి తిరిగొచ్చేవాడు. నేను మోకాళ్ళు సహకరించినప్పుడు వెళ్ళేదాన్ని.

అది వెళ్ళే రోజు దాని బట్టలు సర్దబోతే, కుట్లలోనూ మైదా ఉందని ఒక్కటీ తీసుకోలేదు. కట్టుకున్న కొత్త చీరతో దిగింది. నా బతుకులో ఎవరు బయల్దేరినా గడప దాటాక, ఏదో మర్చిపోయావు అని వెనక్కి పిలిచేదాన్ని, ఇంకొక్క నిమిషం ఉంటారని. మర్చిపోవడానికి దాని దగ్గర ఏమీ లేదు. పిలవలేదు.

వానలు వెనకపడుతున్న రోజుల్లో, ఒక ఉదయం కొట్టు తెరవకముందు ఎవరో వెనక తలుపు తట్టారు. లోపల అల్లుడు రెండో వాయి పిండితో కుస్తీ పడుతున్నాడు. నేను గడియ తీయబోతూ ఆగాను.

"ఎవరు?"

"నేనేనమ్మా. తలుపు తియ్యి."

"ఎందుకొచ్చావు?"

"పిండి చప్పుడు వీధిలోకి వినిపిస్తోంది. తప్పుగా కొడుతున్నాడు. ఒక్కసారి చెయ్యి పెట్టి చూపించి వెళ్ళిపోతా."

"చెప్పు, నేను ఆయనకి చెప్తాను."

"చెప్తే వచ్చేది కాదమ్మా అది. ఊపిరి బిగబట్టుకునే ఉంటాను. వంద అంకెలు లెక్కపెట్టేలోపు బయటికొచ్చేస్తాను."

నా చెయ్యి గడియ మీదే ఉంది. అది పుట్టాక ఏనాడూ దాన్ని బయటే ఉంచి నేను తలుపు వెయ్యలేదు. తలుపుకి అటువైపు దాని గాజుల చప్పుడు వినిపించింది. అది కూడా చెక్క మీద చెయ్యి పెట్టి ఉంటుంది.

"తియ్యనమ్మా," అన్నాను.

మొదటి వాయి బ్రెడ్డు బల్ల మీద చల్లారుతోంది. ఒకటి తీసి, చీర కొంగుతో పైనంతా తుడిచి, మళ్ళీ తుడిచి, వెనక కిటికీ దగ్గరికి వెళ్ళాను. ఆ కిటికీని అల్లుడు చిత్రిక పట్టి మళ్ళీ తీసి మూసేలా చేశాడు. చెయ్యి పట్టేంత మేర తీసి బయటికి అందించాను. తీసుకుంది. విరిచిన చప్పుడు. నమిలింది.

"నీళ్ళు తక్కువ. ఉప్పు అసలు వెయ్యలేదు."

"చెప్తాను."

"ఇది అమ్ముతున్నావా?"

"నిన్నా అమ్మాను. ఒకాయన వెనక్కి తెచ్చాడు."

అది నవ్వింది. ఆ నవ్వు చివరిదాకా నవ్వుగానే ఉంది. నేను కిటికీ మూసేశాను. మూసిన చెక్కకి అటువైపునుంచి దాని గొంతు, దగ్గరగా, మెల్లిగా వచ్చింది.

"అమ్మా. రేపు మళ్ళీ వస్తాను. ఇంకా బతిమాలతాను. తియ్యకు."